రేవు రాయి మీద గడ్డి

ఓడ రేవు వదలకముందే గైడమ్మ అందరి ఆశలూ కత్తిరించేసేది. భోజనాల హాల్లో కుర్చీలు నిండాక మైకుని వేలితో తట్టి చూసుకుని, నవ్వుతూనే మొదలుపెట్టేది. ఇది చిన్న ఓడ. చిన్న ఓడ అంటే నిజంగానే చిన్నది. గదిలో ఒకరు చొక్కా తొడుక్కుంటుంటే రెండోవారు మంచం ఎక్కి కూర్చోవాలి. సముద్రం పొంగితే కడుపూ పొంగుతుంది, అందుకు సంచులు తలగడ పక్కనే పెట్టాం. తిమింగలాలు పిలిస్తే రావు, వాటికి మన టిక్కెట్టు ధర తెలియదు. సీల్ జంతువులు కనిపిస్తాయి, కానీ వాటికన్నా ముందు వాటి కంపు వస్తుంది. గాలి ఎదురుతిరిగితే దీవి మీద దిగడం ఉండదు. కెప్టెన్ గారిని బతిమాలినా ఉండదు, తిట్టినా ఉండదు.

"కాబట్టి ఏమీ ఆశించకండి. అప్పుడు ఏది కనిపించినా లాభమే," అని ముగించి, తలుపు దగ్గర నిలబడ్డ మనిషివైపు చెయ్యి చూపేది. "మిగతాది మా బూట్లాయన చెప్తారు. నా మాట వినకపోయినా ఫరవాలేదు. ఆయన మాట వినకపోతే మాత్రం మిమ్మల్ని ఓడ దిగనివ్వరు."

బూట్లాయన మైకు తీసుకునేవాడు కాదు. సగం జీవితం చెప్పుల షాపులో సేల్స్‌మన్‌గా గడిపినవాడికి గొంతు పెంచడం కొత్త కాదు.

"అయ్యా, అమ్మా, మనం వెళ్ళే దీవి మీద మనుషుల్లేరు, పిల్లుల్లేవు, ఎలకల్లేవు. మెత్తటి మట్టి, మట్టిలో బొరియలు, బొరియల్లో పిట్టలు. అంతే. మీ బూటు సందులో ఇరుక్కున్న గడ్డిగింజ టిక్కెట్టు లేకుండా మీతోపాటు దిగిందంటే, మళ్ళీ ఓడ ఎక్కదు. అక్కడే కాపురం పెడుతుంది. అందుకని దిగేముందు ప్రతివాళ్ళూ నా గదికి రావాలి. బ్రష్షుంటుంది, మందునీళ్ళ తొట్టి ఉంటుంది. నీళ్ళు రోగాలకి, బ్రష్షు గింజలకి. నీళ్ళలో ముంచాను కదా, ఇంకా బ్రష్షెందుకని అడక్కండి. మందునీళ్ళలో ముంచితే గింజ చావదు. స్నానం చేసి ఇంకా హుషారుగా మొలుస్తుంది."

హాలు నవ్వేది. ప్రతి ప్రయాణంలోనూ ఆయన ఒక్క ముక్క మార్చకుండా అదే చెప్పేవాడు, హాలు అక్కడే నవ్వేది. విన్నవాళ్ళందరికీ అర్థమైన ఆ మాట చెప్పినవాడి చెవికి మాత్రం ఎక్కలేదని తేలడానికి కొన్నేళ్ళు పట్టింది.

చెప్పుల షాపు పెద్ద వీధిలో ఉండేది. యజమాని పోయాక కొడుకులు దాన్ని సెల్‌ఫోన్ల షాపుగా మార్చేశారు. మనిషి నడిచొచ్చే తీరు చూసి కొలత చెప్పగల ఆయన విద్య ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. భార్య రేవు దగ్గర లాండ్రీలో ఇస్త్రీ విభాగంలో పనిచేసేది. పొద్దున్నే ఆవిడ పనికి పోతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఆయన అలవాటు కొద్దీ లేచి, వంగి, పట్టీ సరిచేసేవాడు. అది చూడలేక ఆవిడ తమ్ముడికి చెప్పింది.

తమ్ముడు ఓడలో రబ్బరు పడవ నడిపేవాడు. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. "బావా, మా ఓడలో బూట్లకి మనిషి కావాలట. నీకు తెలిసిన విద్య అదొక్కటే, రా," అన్నాడు.

"ఇన్నాళ్ళూ ఊరివాళ్ళ కాళ్ళు పట్టుకున్నారు, ఇక ఓడవాళ్ళ కాళ్ళు పట్టుకోండి," అంది భార్య. నవ్వుతూనే అంది గానీ పెట్టె సర్దుతున్నప్పుడు ఒక ఉన్ని స్వెట్టరు ఎక్కువ పెట్టింది.

బూట్ల గది ఓడ అడుగు అంతస్తులో, నీళ్ళ వైపు తెరుచుకునే ఇనుప తలుపు పక్కన ఉండేది. గోడ పొడుగునా కొలతలవారీగా తలకిందులుగా వేలాడే రబ్బరు బూట్లు, ఎదురుగా బల్ల, మూల దుమ్ము లాగే మిషను, నేల మీద మందపాటి పీచు మ్యాట్, దాని పక్కన మందునీళ్ళ తొట్టి. ప్రయాణికులు ఒక్కొక్కరే మ్యాట్ మీద నిలబడి గోడకి చేతులు ఆనించి, గుర్రానికి లాడం కొట్టించుకున్నట్టు ఒక కాలు వెనక్కి ఎత్తేవారు. ఆయన గట్టి బ్రష్షుతో అడుగు రుద్ది, సందుల్లో కొక్కెంతో గీకి, ప్యాంటు మడతలు విప్పి, జేబులు బయటికి లాగి మిషను పెట్టేవాడు. జేబుల్లోంచి సినిమా టిక్కెట్లు, టాఫీ కాగితాలు వచ్చేవి. ఒకసారి ఒకాయన జేబులోంచి ఇంకొకరి భార్య ఫోటో వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ వచ్చేది గడ్డిగింజలు. ఊరి రేవు ముందు బస్సులు ఆగే ఖాళీ స్థలం నిండా ఒకరకం గడ్డి ఉండేది, దాని గింజకి వంకీ తోక. గుడ్డని పట్టిందంటే జలగే. ఆ స్థలం దాటకుండా ఓడ దగ్గరికి రావడానికి దారి లేదు.

రాలిందంతా మ్యాట్ మీద పడేది. ఆయన దాన్ని మిషనుతో లాగి, సంచిలో కట్టి, ఊరికి వచ్చాక కాల్పించేవాడు. ఏటా సీజను మొదట్లో కొత్త మ్యాట్ వచ్చేది.

మొదటి ప్రయాణంలో ఆయన దీవి మీద దిగలేదు. ఓడ ఊపుకి తాళలేక బల్ల మీద పడుకుని, పైకప్పుకి పట్టుకోవడానికి ఏమైనా ఉందా అని చూశాడు. రెండోసారి గైడమ్మ రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

"అందరి బూట్లూ తోముతారు, అవి ఎక్కడికెళ్తున్నాయో చూడరా బాబాయ్?"

పడవ ఆగే రేవు రాయి దాటి రెండడుగులు వేశాడో లేదో, ఎదురుగా బొరియలోంచి ఒక పిట్ట బయటికొచ్చింది. గుప్పెడంత ఒళ్ళు, దానికి తగని పెద్ద తల, రంగు పూసిన ముక్కు. బిగుతు బూట్లు తొడుక్కుని షాపులో అటూ ఇటూ నడిచి చూసుకునే కస్టమర్‌లా, అడుగు అడుగుకీ ఆగి కాళ్ళవంక చూసుకుంటూ ఆయన ముందునుంచి నడిచిపోయింది. ఆయనకి నవ్వొచ్చింది. షాపు మూతపడ్డాక అంత నవ్వు రావడం అదే మొదలు.

గైడమ్మ చెప్పింది: దీనికొక జోడు ఉంది, ఈ జంట ఏడంతా సముద్రం మీదే బతుకుతుంది. గుడ్డు పెట్టడానికి మాత్రం ఇదే దీవికి, ఇదే బొరియకి వస్తుంది. ఒకటే గుడ్డు, ఒకటే పిల్ల. బొరియ పోతే పిట్ట ఇంకోచోట తవ్వుకుంటుందని గ్యారంటీ లేదు.

ఆ రోజు నుంచి రేవు రాయి పక్క బొరియ ఆయన సొంత వ్యవహారం అయిపోయింది. ఏటా మొదటి ప్రయాణంలో రబ్బరు పడవ దీవిని సమీపిస్తుంటే బావమరిది వెనక్కి తిరిగి అరిచేవాడు, "బావా, నీ కస్టమర్లు వచ్చారు! కొలత మారిందేమో చూస్కో!" ఆయన పైకి విసుక్కునేవాడు. వాళ్ళు కనిపించేదాకా రేవు రాయి మీంచి చూపు తిప్పేవాడు కాదు.

ఇలా బాగానే సాగుతుండగా టీచరమ్మ పడింది.

రిటైరైన టీచరు. పిట్టల బొమ్మలు చూపి పాఠం చెప్పడమేగానీ పిట్టల్ని చూడలేదని, ఉన్నదంతా కూడబెట్టుకుని వచ్చిన మనిషి. రేవు రాయి పాచిపట్టి నున్నగా ఉండేది. పడవలోంచి కాలు పెట్టగానే జారి, మణికట్టు విరిగింది. నొప్పికన్నా సిగ్గు ఎక్కువైపోయి, చెయ్యి పట్టుకుని ప్రతివాళ్ళకీ సారీ చెప్తూ కూర్చుంది. ఆ రోజు ఇంకెవర్నీ దించలేదు. టీచరమ్మ బూట్ల గదిలో, ఆయన తొడిగిన బూట్లు ఆయన చేతే విప్పించుకుంటూ, "పోన్లెండి, దూరంనుంచి చూశాగా," అంది. ఆ మాట ఆయన్ని కొరుక్కుతింది.

కెప్టెన్ మితభాషి. "ఇంకొక్కరు పడితే కంపెనీ ఈ దీవి మానేయమంటుంది. దీవి లేకపోతే ఈ ఓడకి చూపించడానికేం ఉంది, నీళ్ళా?" అన్నాడు.

పాత మ్యాట్ ఆలోచన అప్పుడే వచ్చింది. సీజను అరిగించిన మ్యాట్, ఎలాగూ పారేసేదే. ఆయన దాన్ని కడ్డీకి వేసి కర్రతో బాదాడు. మందునీళ్ళలో పొద్దంతా నానబెట్టాడు. డెక్కు మీద ఎండకి ఆరేశాడు. రెండు ముక్కలు చేసి, ఒకటి రాతి మీద, ఒకటి దానిపైన మెత్తటి మట్టి మెట్టు మీద పరిచాడు. బావమరిది రాతికి కొక్కేలు కొట్టి తాళ్ళతో బిగించాడు. ఆ తర్వాత ఎవరూ జారలేదు. ఒక ప్రయాణికుడు దిగుతూ, "అబ్బో, మనకి తివాచీ పరిచారే!" అన్నాడు. కెప్టెన్ హాల్లో అందరి ముందూ ఆయన భుజం తట్టాడు. ఏటా సీజను మొదట్లో కొత్త మ్యాట్ గదిలోకి, పాతది దీవి మీదికి. అదొక పద్ధతి అయిపోయింది.

మ్యాట్ అంటే ఆయన లెక్కలో శుభ్రం చేసే వస్తువు. మురికిది కాదు. ఇల్లు ఊడ్చే మనిషి చీపురుని అనుమానిస్తుందా?

గడ్డిని మొదట చూసింది గైడమ్మే. మెట్టు పక్కన పచ్చగా నాలుగు పరకలు. ప్రయాణికులు ముచ్చటపడి ఫోటోలు తీసుకున్నారు. బూడిదరంగు రాతి మీద రంగుముక్కు పిట్ట, వెనకాల పచ్చదనం. మరుసటి సీజనుకి అది మెట్టు దాటింది. ఆ పై సీజనుకి మనుషులు నడిచే దారి వెంట వాలంతా ఎక్కింది. దాని వేళ్ళు బొరియల కప్పుల్లోకి దిగాయి, దాని పోచలు బొరియల మూతుల మీద జుట్టు విరబోసుకున్నట్టు పడ్డాయి. పిట్టలు ముక్కునిండా చేపలతో వచ్చి, ఇల్లు గుర్తుపట్టలేక, గడ్డి ముందు నిలబడి తల అటూ ఇటూ తిప్పేవి. ఈలోపు పెద్ద తెల్ల పక్షులు దిగి ముక్కులోంచి చేపలు లాక్కుపోయేవి. లోపల పిల్ల ఆకలికి కూసి కూసి ఆగిపోయేది. కూత ఆగితే బొరియ పైన నిలబడ్డవాళ్ళకి తెలుస్తుంది.

గైడమ్మ దీవుల శాఖకి కబురు పెట్టింది. ఆ ఏడు మొదటి ప్రయాణంలో ప్రయాణికుల్ని తగ్గించి, దీవుల ఆఫీసర్ని ఎక్కించుకున్నారు. ఆఫీసరు సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. భోజనాల హాల్లో టీ తాగుతూ విషయం తేల్చి చెప్పాడు.

"నేను తేల్చాల్సింది ఒకటే. ఈ గడ్డి తనంతట తను వచ్చిందా, మనుషులు తెచ్చారా. గాలో, పక్షుల కాళ్ళో తెచ్చిందైతే అది దీవి సొత్తు. ఒక్క పరక పీకడానికి మీకూ హక్కు లేదు, నాకూ లేదు. మీ ఓడ ఎప్పట్లాగే రావచ్చు. మనుషులు తెచ్చిందైతే మాత్రం మా వాళ్ళొచ్చి వేళ్ళతో సహా తీయిస్తారు. దీవికి ఓడలు బంద్."

హాల్లో ఎవరూ ఎవరివంకా చూడలేదు. ఆఫీసరు తన గదికి వెళ్ళిపోయాక వంటాయన తలుపు మూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"గాలే. నన్నడిగితే గాలే. నేరం గాలి మీద వేస్తే గాలి వచ్చి కాదంటుందా?"

"మనం ఇంత బ్రష్షు కొట్టాక ఇంకెలా వస్తుంది?" అన్నాడు బావమరిది. "మా బావ గడ్డిగింజనేంటి, ప్రయాణికుల పుట్టుమచ్చలు కూడా గీకేస్తాడు."

అందరూ నవ్వారు. బూట్లాయన కూడా నవ్వాడు. ఆ క్షణంలో ఆయనా గాలి పక్షమే. ఓడ పాతది. దీవి పోతే ఇనుము కింద అమ్మేస్తారని అందరికీ తెలుసు. గైడమ్మ మాత్రం గ్లాసు చుట్టూ చేతులు పెట్టుకుని, "గాలి అంటే ఓడ బతుకుతుంది. పిట్టలు చస్తాయి. మనుషులంటే ఓడ చస్తుంది. పిట్టలు బతుకుతాయో లేదో చెప్పలేం," అంది.

"తెలిసిపోయిందిగా ఏది మేలో," అన్నాడు వంటాయన.

మర్నాడు పొద్దున ఆఫీసరు దిగేముందు, ఎప్పట్లాగే బూట్లాయనా బావమరిదీ ముందు వెళ్ళారు, పాత ముక్కలు తీసి వేరేవి వెయ్యడానికి. రాతి మీది ముక్క తాడు విప్పగానే వచ్చింది, ఉప్పునీటికి నల్లబడి. ఇన్నేళ్ళూ తిరగేసి చూడనక్కర్లేకుండా ఒక్క లాగుతో వచ్చే మెట్టు మీది ముక్క ఈసారి రాలేదు. ఆయన రెండు చేతులా పట్టి లాగాడు. చిరుగుతున్న చప్పుడుతో మట్టితో సహా లేచింది. అడుగున పీచులోంచి తెల్లటి వేళ్ళు, కుట్టుమిషను మీద కుట్టినట్టు, వరస వరసగా దిగి ఉన్నాయి. పైన చూస్తే మ్యాట్ పీచులోంచే పరకలు లేచి ఉన్నాయి. ఆయన వేలితో పీచు విడదీశాడు. అడుగున, ఏ కర్రదెబ్బకీ ఏ మిషనుకీ అందని చోట, వంకీ తోక గింజలు గూడుకట్టుకుని ఉన్నాయి. నీళ్ళలో నానినవి. స్నానం చేసినవి.

లేచి నిలబడి కిందికి చూశాడు. మ్యాట్ ఉన్నచోట చుట్టూ గడ్డి కత్తెరతో కత్తిరించినట్టు గీత గీసి ఉంది. దాని వెడల్పు ఆయన గది గుమ్మం వెడల్పు. అక్కడినుంచి పలచటి పచ్చ దారి, మనుషులు నడిచే దారే, పైకి పోతోంది.

"ఏంటి బావా, అంతసేపు? మ్యాట్ పీకుతున్నావా, పన్ను పీకుతున్నావా?"

బావమరిది పడవ కట్టి పైకొచ్చాడు. మ్యాట్ చూశాడు, నేల చూశాడు. నోరు పెద్దదే గానీ బుర్ర చిన్నది కాదు.

"ఇలా ఇవ్వు. సముద్రంలో పారేస్తా."

"తేలుతుందిరా. ఇంకో దీవికి పోతుంది."

"అయితే కాల్చేద్దాం. గోనెలో పెట్టు, నా సీటు కింద దాస్తా. ఆఫీసరు వచ్చేసరికి నేల కాస్త కెలికేద్దాం."

"కెలికితే ఇంకా పాకుతుంది."

"అబ్బా, నీ దీవి పురాణం ఆపు బావా!" బావమరిది గొంతు తగ్గించి దగ్గరికొచ్చాడు. "విను. నువ్వు కావాలని చేశావా? లేదు. ఎవరికైనా తెలుసా? లేదు. నీకూ నాకూ తప్ప. నాకు పడవ తప్ప ఇంకోటి చేతకాదు. వంటాయన ఈ వయసులో ఎక్కడికి పోతాడు? గైడమ్మకి పిట్టలు తప్ప ఏమున్నాయి? నీకా, చెప్పుల షాపు కూడా లేదు. అక్క ఇంకా ఎన్నాళ్ళు ఇస్త్రీ పెట్టె పట్టుకుంటుంది? నువ్వొక్కడివి నోరు మూసుకుంటే ఇంతమంది నోట్లోకి ముద్ద పోతుంది."

"గాలి అన్నారంటే ఒక్క పరక పీకనివ్వరురా."

"పీకనివ్వకపోతే పోనీ! పిట్టలకేం, రెక్కలున్నాయి. మనకున్నాయా?"

ఆయన మ్యాట్ అంచు పట్టుకుని చుట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడే కస్టమర్ దిగింది. రేవు రాయి పక్కన, బొరియ ఉండాల్సిన చోట. ముక్కుకి అడ్డంగా చేపలు, తోకలు రెండు పక్కలా వేలాడుతున్నాయి. గడ్డి ముందు నిలబడింది. కాళ్ళవంక చూసుకుంది. రెండడుగులు వేసి, తప్పు షాపుకి వచ్చినట్టు వెనక్కి తిరిగి, మళ్ళీ అక్కడికే వచ్చింది. బూట్లాయన మోకాళ్ళ మీద కూలబడి, చేత్తో గడ్డి పట్టుకుని లాగాడు. పరకలు చేతిలోకొచ్చాయి, వాటితోపాటు మెత్తటి మట్టి కూడా జారి, బొరియ కప్పు కొంచెం కుంగింది. ఆయన చెయ్యి తీసేశాడు. పిట్ట బెదిరి ఎగిరిపోయింది. చేపలు గడ్డిలో పడ్డాయి. తెల్ల పక్షి వచ్చి ఏరుకుపోయింది.

మ్యాట్‌ని గోనెలో పెట్టాడు. బావమరిది నవ్వు ముఖంతో గోనె అందుకోబోయాడు. ఆయన ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని పడవలో కూర్చున్నాడు.

ఆఫీసరు బూట్ల గదికి వచ్చాడు. అందర్లాగే మ్యాట్ మీద నిలబడి, గోడకి చేతులు ఆనించి, కాలు ఎత్తాడు. బూట్లాయన బ్రష్షు పట్టుకుని ఒక అడుగు తోమాడు, రెండో అడుగు తోమాడు. ప్యాంటు మడత విప్పాడు. అందులో వంకీ తోక గింజ ఒకటి ఉంది.

"ఇదే సార్ ఆ గడ్డి," అన్నాడు.

"అవును, ఊళ్ళో అంతా ఇదేగా. గాలికి ఇంత దూరం రావడం కష్టమే. కానీ రాదని చెప్పలేం."

"గాలి కాదు సార్. నేనే తెచ్చాను."

బల్ల కిందినుంచి గోనె లాగి విప్పాడు. ఆఫీసరు ఒక కాలు గాల్లోనే పెట్టుకుని చూశాడు. తర్వాత మెల్లగా దించాడు. ఏం జరిగిందో బూట్లాయన చెప్పాడు, టీచరమ్మ పడ్డ దగ్గర్నుంచి.

"ఉతికారా దీన్ని?"

"మందునీళ్ళలో పొద్దంతా నానబెట్టాను."

"మందునీళ్ళకి గింజ చావదు కదా."

"తెలుసు సార్. ప్రతి ప్రయాణంలోనూ అందరికీ నేనే చెప్తాను."

ఆఫీసరు గోనె మూతి మళ్ళీ కట్టాడు. మంచివాడు కాబట్టి తిట్టలేదు. తిడితే బాగుండేది.

గైడమ్మ వచ్చేసరికి ఆయన ఒక్కడే ఉన్నాడు. ఆవిడ బల్ల మీద కూర్చుని, వేలాడే బూట్లవంక చూస్తూ, "నాకు ముందు చెప్పాల్సింది బాబాయ్," అంది.

"మీకు చెప్తే ఆయనకి చెప్పనివ్వరమ్మా."

ఆవిడ కాదనలేదు. "తీసేస్తారులెండి గడ్డిని. అదన్నా అవుతుంది," అని లేచింది. లేస్తూ అలవాటుగా బూట్ల అడుగులు చూసుకుంది. తిరుగు ప్రయాణంలో వంటాయన బూట్లాయన ప్లేటుని చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. కెప్టెన్ మాత్రం ఒకే మాట అన్నాడు. "కంచే చేను మేసింది."

అనుమతి పోయింది. ఒక సీజను ఓడ దీవి లేకుండా తిరిగింది. నీళ్ళు చూడ్డానికి ఎవరూ రాలేదు. తర్వాత దాన్ని లాక్కెళ్ళి ఇనుము కింద అమ్మేశారు. బూట్లన్నీ ఒకేసారి పాతసామాన్లవాడికి వేశారు, కొలతలు కలిపేసి.

ఇప్పుడు బూట్లాయన ఊళ్ళో ఒక పెద్ద దుకాణాల భవనంలో గుమ్మం దగ్గర పనిచేస్తాడు. వాన వచ్చినప్పుడు మ్యాట్‌లు పరచడం, తడి తుడవడం, సాయంత్రం దులపడం. గుమ్మంలో కాళ్ళు తుడుచుకునేవాళ్ళు తక్కువ. తుడుచుకోమని ఆయన చెప్పడు. బావమరిది సరుకుల వ్యాను నడుపుతున్నాడు. అక్కని చూడ్డానికి వస్తాడు. గుమ్మంలో మ్యాట్ ఉంటే, తొక్కకుండా ఒక్క గెంతు గెంతి లోపలికొస్తాడు.

"అదేంట్రా ఆ గెంతు?" అంది అక్క మొదటిసారి.

"మీ ఆయన మ్యాట్ తొక్కితే ఏం మొలుస్తుందోనని," అన్నాడు, బావ అక్కడ లేనట్టు. ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడి రెండేళ్ళు దాటింది. భార్య ఇద్దరికీ టీ ఇస్తుంది, ఒకరి మాట ఇంకొకరికి చేరేస్తుంది.

గైడమ్మ ఒకరోజు ఆ భవనానికి ఏదో కొనుక్కోడానికి వచ్చింది. వానలో తడిసి, మ్యాట్ మీద ఆగి, తల ఎత్తి చూసి గుర్తుపట్టింది. ఇప్పుడు ఒక ఆఫీసులో టిక్కెట్లు బుక్ చేస్తోంది, పెద్ద ఓడలకి. ఆ ఓడల్లో లోపలే ఈతకొలను ఉంటుందట, బయటికి చూసేవాళ్ళు ఉండరట.

ఆయన అడగడానికి భయపడ్డాడు. ఆవిడ చెప్పకుండా ఉండలేకపోయింది.

"ఒక సీజనంతా తీశారు బాబాయ్. మనుషుల్ని పెట్టి, వేళ్ళతో సహా. తీస్తుంటే మట్టి జారి బొరియలు కూలాయి. పైగా అది అప్పటికే గుట్ట దాటేసింది, అవతలి వాలు నిండా ఉంది. మనం ఎప్పుడూ నడవని వైపు. ఇక పీకితే ఉన్న బొరియలు కూడా పోతాయని ఆపేశారు. ఇప్పుడది దీవి గడ్డే అనుకోమన్నారు."

"రేవు రాయి పక్కది?"

"అది మొదట్లోనే కూలింది."

"కస్టమర్లు?"

ఆవిడ ఆయన ముఖం చూసి, అబద్ధం వెతుక్కుని, దొరక్క, "రాయి మీద రెండు కూర్చుని ఉన్నాయని ఆఫీసరు అన్నాడు. అవేనో కాదో," అంది. ఆవిడ లోపలికి పోతూ, మ్యాట్ మీద కాళ్ళు చాలాసేపు తుడుచుకుంది, ఒక అడుగు తర్వాత ఒక అడుగు ఎత్తి చూసుకుంటూ.

పని అయ్యాక ఆయన రేవు దారినే ఇంటికి వస్తాడు. దగ్గర దారి అదే. బస్సులు ఆగే ఖాళీ స్థలంలో గడ్డి మోకాలెత్తు పెరిగింది, అడ్డుకునేవాళ్ళు లేరు. ఇవతలికి వచ్చాక ఆగి, ప్యాంటు మడత విప్పి, గింజలు ఒక్కొక్కటే ఏరి జేబులో వేసుకుంటాడు.

భార్య ఉతికేముందు జేబులు తిరగేస్తుంది. "మళ్ళీనా? ఇవి ఇక్కడ కింద పడితే ఏమవుతుందండీ? ఊరంతా ఇదే గడ్డాయె."

"ఏం కాదు," అంటాడు.

ఆవిడ కిటికీ తెరిచి, జేబుని బయటికి దులుపుతుంది.